ముప్పావుకు పిసరు తక్కువ

చిత్తూరులో వేలూరు రోడ్డు మీద
వేలాయుధం మేస్త్రి షెడ్డు.
రేకు తలుపు మీద సుద్దతో మూడు అంకెలు:
పదకొండు. ఎనభై. నూటెనిమిది.
లాటరీ నంబర్లా అని అడిగినాడొకడు.
నూటెనిమిదిని చూసి
చెప్పులు విప్పబోయింది ఒక పెద్దామె.

మూడూ ఒకటే బిగువు.

మేస్త్రి టార్క్ పానా పూదుపేట పాత సామాన్లలో కొన్నది.
ఏ దొర తోటలో ఏ ట్రాక్టరుకు వాడినారో,
పిడి మీద గీతలన్నీ అడుగు-పౌన్లు.
అడుగు పొడుగు కడ్డీ కొసన పౌను బరువు వేలాడదీస్తే
నట్టుకు ఎంత తెలుస్తుందో, అంత.
జపాను ఇంజన్ల పాత కాగితాలు కేజీ-మీటర్లంటాయి.
కొత్త పుస్తకాలకు న్యూటన్ తప్ప వేరే పేరు నోట రాదు.

నేను పాలిటెక్నిక్ ముగించి షెడ్డులో చేరిన మొదటి జూను.
సుబానీ లారీ, నిండా తోతాపురి,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ఇంకో ఆరు మైళ్లుందనగా
హెడ్ గ్యాస్కెట్ కాల్చుకుని మా ముందర ఆగింది.
అంతా విప్పి, తుడిచి, మళ్లీ కూర్చి
మేస్త్రి టీకి పోయినాడు.
పుస్తకంలో నూటెనిమిది.
పానా మీద నూటెనిమిది పెట్టినా.
అంకె అంకే గదా.

టక్కుమనాల్సింది
ఠప్పుమంది.
బోల్టు తల నా కాళ్ల దగ్గర,
మొండెం బ్లాకు లోపల.

మేస్త్రి తిట్టలా.
తిట్టుంటే బాగుండు.
బల్బు కిందికి దించి, మోకాళ్ల మీద కూచుని,
ఆ మొండేన్ని నడిమికి తొలచి, ఎడమవాటంగా తిప్పుతా
రాత్రంతా.
లారీలో కాయలు పండుతున్న వాసన
గంట గంటకూ చిక్కనైంది.
తెల్లారేసరికి అడుగు వరస కారడం మొదలైంది.
ఈగలకు మాత్రం ఎవరూ కబురు చెప్పనక్కర్లేదు.
"నా నష్టం కేజీల్లో చెప్పేదా, పౌన్లలోనా?"
సుబానీ నన్నే అడిగినాడు, నవ్వకుండా.

మొండెం బయటికొచ్చినాక చేతులు కడుక్కుంటా అన్నాడు మేస్త్రి:
"మా నాయన బెల్లం మండీలో తూనికకోల పట్టినోడు.
గుండు ఒకటే. కోల మీద జరిపే కొద్దీ లెక్క మారేది.
బరువొకటే బరువు కాదు పిల్లా,
ఎంత దూరాన ఉందో, అదీ బరువే.
న్యూటన్‌ను అడుగుల్లోకి దించాలంటే ముప్పావు కట్టు,
అందులో పిసరు తగ్గించు.
నూటెనిమిదికి ముప్పావు ఎనభై ఒకటి.
ఆ ఒకటి వొదిలెయ్.
తిరిగి పైకెక్కించాలంటే మూడో వంతు కలుపు,
పైన చిటికెడు ఎయ్."

నేను సెల్లు తీసి గుణించినా.
డెబ్బై తొమ్మిది పాయింటు ఆరు ఆరు.
చూపించినా.
"ఆ మిగతాది
మరకు పూసిన నూనె తాగేస్తాదిలే" అన్నాడు.

మేస్త్రికి ఇప్పుడు గీతలు కనపడవు.
షెడ్డులో కొత్త పానా ఉంది, మీట నొక్కితే కొలత మారుతుంది,
బిగువు చాలగానే కీచుమంటుంది.
మంచిదే. కుర్రోళ్లకు దాన్నే ఇస్తా.

నేను లెక్క వేసి చూసుకున్నది చాన్నాళ్ల తర్వాత:
ఆ సాయంత్రం నేను అడిగిన బిగువు
న్యూటన్లలో నూట నలభై ఆరు.
ముప్పై ఎనిమిది ఎక్కువ.
ఆ ముప్పై ఎనిమిది
ఇంకా నా మణికట్టులోనే ఉంది.
పానా పట్టిన ప్రతిసారీ
ముందు నోట్లోనే ముప్పావు కట్టుకుంటా,
పిసరు తగ్గించుకుంటా,
లారీ తొట్టిలో ఏముందో ఒకసారి చూసి
అప్పుడు లాగుతా.